ఇత్తడి చిలుముకు ఏది మేలు: చింతపండా, నిమ్మకాయా, వెనిగరా?

బతుకమ్మ దగ్గర పడుతుందంటే హన్మకొండలో మా ఇంట్లో అటక మీది ఇత్తడి తాంబాళాలు కిందికి దిగుతాయి. పెంబర్తిలో కొన్న పెద్ద పళ్ళెమైతే ఏటా నల్లబడే ఉంటుంది. అమ్మ చింతపండు నానబెడుతుంది, చెల్లె నిమ్మచెక్క చాలంటుంది, నేనొకసారి వెనిగర్ సీసా తెచ్చాను. మూడూ పులుపే కదా అనుకున్నాను. కానీ పులుపు ఒక్కటే కాదు, లోహాన్ని పట్టుకునే తీరు కూడా చూడాలి.

ఆ నలుపులో ఎక్కువ భాగం రాగి, జింకు ఆక్సైడ్లు. గాలిలోని తేమ వల్ల ఆ పొర పైభాగమంతా హైడ్రాక్సిల్ గ్రూపులు, అంటే ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలు, పరుచుకొని ఉంటాయి. ఆమ్లంలో పులుపునిచ్చే భాగమైన కార్బాక్సిల్ గ్రూపు తన ప్రోటాన్‌ను (హైడ్రోజన్ అయాన్‌ను) వాటికి ఇస్తుంది, అక్కడ నీరు పుట్టి తొలగిపోతుంది. ఖాళీ అయిన చోట, ప్రోటాన్ పోగా మిగిలిన భాగం, అంటే కార్బాక్సిలేట్, వచ్చి లోహాన్ని పట్టుకుంటుంది. ఒక్క ఆక్సిజన్‌తో పడితే ఆ పట్టు వదులు. రెండు ఆక్సిజన్లూ పక్కపక్క లోహ పరమాణువులను వంతెనలా కలిపితే గట్టి. ఇలా పట్టుకున్న ఆమ్లం లాగుడుకు ఆక్సైడ్ బంధాలు సడలి, లోహం అయాన్‌గా (విద్యుదావేశమున్న కణంగా) నీళ్లలోకి దిగుతుంది.

వెనిగర్‌లోని అసిటిక్ ఆమ్లానికి ఉన్నది ఒకే కార్బాక్సిల్. ఆమ్లంగానూ బలహీనమే. పైగా సరిగ్గా కడగకపోతే రాగి అసిటేట్ మిగులుతుంది, అది కూడా పచ్చని చిలుమే. మళ్లీ ఆ సీసా తేలేదు.

నిమ్మలోని సిట్రిక్ ఆమ్లానికి మూడు కార్బాక్సిళ్లు, ఒక హైడ్రాక్సిల్. ఇనుమును బాగా పట్టుకుంటుంది కాబట్టి కత్తిపీట తుప్పుకు నా ఓటు నిమ్మకే. పళ్ళెం మీద మాత్రం రసం నిలవదు, జారిపోతుంది.

చింతపండులోని టార్టారిక్ ఆమ్లానికి కార్బాక్సిళ్లు రెండే. అయితే ఒక్కోదాని పక్క కార్బన్ మీదే హైడ్రాక్సిల్ ఉంటుంది. ఆ కార్బాక్సిల్, హైడ్రాక్సిల్ కలిసి లోహాన్ని కూడా కలుపుకొని ఐదు పరమాణువుల వలయం కడతాయి. గుజ్జు చిక్కగా ఉండి పళ్ళేనికి అంటుకుంటుంది, ఆమ్లానికి పని చేసే సమయం దొరుకుతుంది. చిటికెడు ఉప్పు కలిపితే క్లోరైడ్ కూడా రాగిని పట్టుకొని సాయం చేస్తుంది. ఇత్తడికి అమ్మ మాటే సరైనది.

రాత్రంతా మాత్రం నానబెట్టొద్దు. మేం ఒకసారి అలా వదిలేస్తే పళ్ళెం మీద ఎర్రటి మచ్చలు పడ్డాయి. జింకు ముందుగా కరిగిపోయి రాగి మిగలడం వల్ల వచ్చిన ఎరుపు అది, ఎంత తోమినా పోలేదు. పది నిమిషాల్లో తోమి, బాగా కడిగి, పొడిబట్టతో తుడవాలి. చెక్కిన పువ్వుల సందుల్లో పులుపు మిగిలితే సద్దుల బతుకమ్మ నాటికి అక్కడ మళ్లీ పచ్చబడుతుంది.