నడిరాత్రి ‘టక్’మనే థర్మల్ స్కోప్

థర్మల్ స్కోప్, అంటే చీకట్లో వేడిని బట్టి బొమ్మ చూపించే రైఫిల్ దుర్బిణి, అనగానే అందరూ సెన్సార్ ఎంత, లెన్స్ ఎంత అని మొదలుపెడతారు. నేను ఒక శబ్దంతో మొదలుపెడతాను. చలికాలం రాత్రి, గోధుమ చేను గట్టున రైఫిల్‌కు చెంప ఆనించి కూర్చున్నప్పుడు సరిగ్గా చెవి పక్కనే ‘టక్’ అంటుంది. స్క్రీన్ మీద బొమ్మ అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. సెకను, సెకనున్నరలో మళ్లీ కదులుతుంది, కాదనను. ఈలోపు పంది మాత్రం ఆగదుగా. చాలాకాలంగా వాడుతున్న ఈ స్కోప్ మీద నాకున్న కోపమంతా ఆ టక్ మీదే.

ముందు నా పరిస్థితి చెప్పాలి. నేను వేటాడేది టెక్సస్‌లో, డల్లాస్‌కు ఉత్తరాన తెలిసిన ఓ పెద్దాయన రాంచ్‌లో. అక్కడ అడవి పందులు చేలోకి దిగాయంటే తెల్లారేసరికి నాగలితో దున్నినట్టే ఉంటుంది. రాష్ట్రం మొత్తం మీద 25 లక్షలకు పైనే ఉంటాయని అంచనా. ప్రైవేటు భూమిలో యజమాని ఒప్పుకుంటే వీటిని కొట్టడానికి 2019 సెప్టెంబరు నుంచి హంటింగ్ లైసెన్సు కూడా అడగడం లేదు. అయితే మనవాళ్లలో చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ పట్టుకోకూడదన్నది ఫెడరల్ చట్టం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు చేతిలో ఉంటే అందులో మినహాయింపు. కాబట్టి పందికి లైసెన్సు అక్కర్లేకపోయినా, తుపాకీ ముట్టుకోవడానికి మా బావమరిదికి కావాలి. వాడు కోర్సు చేసి, లైసెన్సు తీసుకుని, పర్సులో పెట్టుకున్నాకే నాతో వచ్చాడు. ఇంకో మాట, థర్మల్ ఉంది కదా అని రాత్రిపూట జింకల జోలికి వెళ్లకండి. అది నేరం.

కొనేటప్పుడు నేను 640 సెన్సార్ (అడ్డంగా 640 చుక్కలుండేది), 35 మిల్లీమీటర్ల లెన్స్ తీసుకున్నాను. 50 లెన్స్ తీసుకోమని చాలామంది చెప్పారు. దానికి మొదటే జూమ్ ఎక్కువ, దూరం బాగా కనిపిస్తుంది. కానీ లెక్క వేసి చూడండి. ఒక్కో చుక్క 12 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) ఉండే 640 సెన్సార్‌కు 35 లెన్స్ పెడితే 100 గజాల దగ్గర దాదాపు 22 గజాల వెడల్పు కనిపిస్తుంది, 50 పెడితే 15 గజాలే. నేను కొట్టేది ఎప్పుడూ నూటయాభై గజాల లోపే. మొదటి గుండు పేలాక మంద నాలుగు దిక్కులకూ పరుగెత్తుతుంది, అప్పుడు పనికొచ్చేది వెడల్పే. జూమ్ కావాలంటే మీటలో ఉంది కదా అంటారు గానీ అది డిజిటల్ జూమ్, ఉన్న చుక్కల్నే పెద్దవి చేసి చూపిస్తుంది. ఈ ఎంపిక విషయంలో ఇప్పటికీ నాకు సంతోషమే.

ఇక టక్ సంగతి. థర్మల్ సెన్సార్ వెలుతురును చూడదు, వేడిని చూస్తుంది. ఎదురుగా ఉన్న వస్తువు నుంచి వచ్చే వేడికి ఒక్కో చుక్క రవ్వంత వేడెక్కుతుంది, దాని విద్యుత్ నిరోధం మారుతుంది, ఆ మార్పే బొమ్మ అవుతుంది. చిక్కేమిటంటే స్కోప్ ఒళ్లు వేడెక్కినా, చల్లబడినా ఆ చుక్కలన్నీ తలో రకంగా పక్కదారి పడతాయి. బొమ్మ మీద చారలు, మచ్చలు వస్తాయి. అందుకని లోపల ఒక చిన్న రేకు సెన్సార్‌కు అడ్డంగా పడుతుంది. ఆ రేకంతా ఒకే వేడి మీద ఉంటుంది కాబట్టి దాన్ని చూసి చుక్కలన్నిటినీ మళ్లీ ఒక దారికి తెచ్చుకుంటుంది. ఆ రేకు పడి లేచే చప్పుడే మనకు వినిపించేది. అవసరమైన పనే, నేను కాదనడం లేదు. ఎప్పుడు చేయాలో అదే నిర్ణయించుకుంటుందే, అక్కడే నాకు ఒళ్లు మండేది.

జనవరిలో ఒక రాత్రి జరిగింది చెబుతాను. ఉత్తరం నుంచి చలిగాలి దిగింది. అక్కడివాళ్లు నార్దర్ అంటారు. సాయంత్రం స్వెటర్ కూడా అక్కర్లేదు, పది దాటేసరికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. వాతావరణం అంత వేగంగా మారితే స్కోప్ ఊరుకుంటుందా, మాటిమాటికీ టక్ టక్ మంటూనే ఉంది. బావమరిది పక్కనే ఇంకో థర్మల్ మోనోక్యులర్‌తో (చేత్తో పట్టుకుని ఒంటికంటితో చూసేది) చేను గాలిస్తున్నాడు. వాగు వైపు నుంచి మంద బయటికొచ్చింది. ముందు పెద్ద ఆడపంది, వెనక పిల్లలు, ఇంకా వెనక రెండు మూడు బలిసినవి. నేలంతా బూడిద రంగులో ఉంటే అవి తెల్లగా మెరుస్తున్నాయి. వాటిలో ఒకటి బురదలో పొర్లి వచ్చినట్టుంది, పొట్ట కింది భాగమంతా నల్లగా కనిపిస్తోంది. తడి బురద చల్లగా ఉంటుంది కదా. నేను ఆడపంది చెవి కింద గురి పెట్టి సేఫ్టీ (తుపాకీ పేలకుండా ఆపే మీట) తీశాను. టక్. బొమ్మ ఆగింది. సరే, వస్తుందిలే అని ఊపిరి బిగబట్టి ఆగాను. రాలేదు. మెల్లగా స్క్రీన్ మొత్తం ఒకే బూడిద రంగైపోయింది. గురి గీతలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి, బ్యాటరీ గుర్తు ఉంది, టైము కూడా చూపిస్తోంది. పందులే లేవు.

“కాల్చవేంది బావా?” అని వాడు గుసగుసలాడాడు.

“నాకేం కనపడల్లేదురా.”

“ఎదురుగ్గానే ఉండాయి కదా!”

ఉన్నాయి, వాడి మోనోక్యులర్‌లో. సేఫ్టీ వేసి, స్కోప్ ఆపి మళ్లీ పెట్టాను. కంపెనీ లోగో వచ్చింది, వెనకాలే బూడిద రంగు వచ్చింది. రేకు కిందికి పడి అక్కడే ఇరుక్కుపోయింది. మంద తీరిగ్గా చేను దున్నుతుంటే, వాడు చెబుతుంటే, నేను క్రికెట్ కామెంటరీ విన్నట్టు వింటూ కూర్చున్నాను. మరునాడు పొద్దున పెద్దాయన చేను చూసి ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

వారంటీ ఉంది. కంపెనీవాళ్లు మర్యాదగానే మాట్లాడారు, కానీ ముందు సీరియల్ నంబర్, తర్వాత వీడియో, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి చూడమని మెయిళ్ల మీద మెయిళ్లు. ఇరుక్కున్న రేకుకు సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. చివరికి పంపించమన్నారు. వారాలు గడిచి తిరిగొచ్చేసరికి నేను దాచుకున్న జీరో ప్రొఫైళ్లన్నీ (గుండు తగిలే చోటికి గురిని సరిచేసి పెట్టుకున్న కొలతలు) తుడిచేసి ఉన్నాయి. మళ్లీ కాల్పుల రేంజ్‌కు వెళ్లి, అట్ట మీద చేతులు వెచ్చబెట్టుకునే హ్యాండ్ వార్మర్ అతికించి, 50 గజాల దగ్గర మొదలుపెట్టి జీరో చేయాల్సి వచ్చింది. కాగితం మీద నల్ల చుక్క పెడితే థర్మల్‌కు సరిగ్గా కనబడదు కాబట్టి ఇలాంటి తంటాలు తప్పవు.

అప్పటి నుంచి రేకు మళ్లీ మొరాయించలేదు. నేనూ పద్ధతి మార్చాను. మెనూలో క్యాలిబ్రేషన్‌ను, అంటే ఈ రేకు చేసే సర్దుబాటును, ఆటో నుంచి మాన్యువల్‌కు పెట్టేశాను. ఇప్పుడు నేను మీట నొక్కితేనే టక్. మంద ఇంకా దూరంగా ఉండగానే ఒకసారి నొక్కేసి, ఇక ముట్టుకోను. అంతకన్నా ఎక్కువ పనికొచ్చింది ఇంకొకటుంది. ట్రక్కులో ఏసీ చల్లదనంలో ఉన్న స్కోప్‌ను నేరుగా తీసి వాడితే మొదటి పావుగంట బొమ్మ నిలకడగా ఉండదు. అందుకే రాంచ్‌లో దిగగానే ముందు దాన్ని బయట పెట్టి, తర్వాతే కుర్చీలు, నీళ్లు దించుతాం. బయటి వాతావరణానికి అది అలవాటు పడితే టక్‌ల అవసరమే తగ్గుతుంది. ఈ ముక్క మాన్యువల్‌లో ఒక్క వాక్యంగా రాసి ఉన్నా నాకు బోలెడు చిరాకు తప్పేది.

కొన్న కొత్తలో నేను అందరికీ ‘చీకట్లో పట్టపగల్లా కనిపిస్తుంది’ అని చెప్పుకుని తిరిగాను. చలికాలం పొడి రాత్రుల వరకూ ఆ మాట మీదే ఉన్నాను. ఆగస్టులో, వాన వెలిసిన రాత్రి, గాలంతా తేమగా ఉన్నప్పుడు మాత్రం చెట్టుకూ నేలకూ తేడా తెలియని గంజిలా ఉంటుంది బొమ్మ. పంది కనిపిస్తుంది, దాని వెనక ఏముందో కనిపించదు. లెన్స్ మీద మంచు పట్టినా అంతే. ఆ జెర్మేనియం లెన్స్ వేడిని లోపలికి వదులుతుంది గానీ దాని మీది నీటి పొర వదలదు. స్కోప్ పాడైపోయిందని కంగారు పడకుండా మెత్తటి గుడ్డతో ఒత్తి చూడండి. ట్రక్కు అద్దంలోంచి చూద్దామనుకుంటే అదీ కుదరదు. మనకు ఆ అద్దం పారదర్శకమే, థర్మల్‌కు గోడ.

ఇంకొక పరిమితి. ఏదో ఉందని తెలియడం వేరు, అదేమిటో తెలియడం వేరు. రెండు వందల గజాల్లో గడ్డిలో పడుకున్న లేగదూడ, పంది రెండూ తెల్ల ముద్దలే. లేచి నాలుగడుగులు వేస్తేనే తెలుస్తుంది. పందికి మెడ ఉండదు, తల నేరుగా ఒంట్లోంచే పొడుచుకొచ్చినట్టు ఉంటుంది, నడక కూడా చిన్న చిన్న అడుగులతో తుర్రుమన్నట్టు ఉంటుంది. అది నడిచేదాకా నేను సేఫ్టీ తీయను. వెతకడానికైతే వేరే మోనోక్యులరే వాడాలి. పెద్దాయన ఆవుల మీదికీ, పక్కవాళ్ల ఇంటి మీదికీ రైఫిల్ తిప్పుతూ వెతకడం ఏం పద్ధతి? స్కోప్‌కు పెట్టే డబ్బులో కొంత తగ్గించుకునైనా అది కొనండి.

బ్యాటరీ డబ్బా మీద రాసినంత సేపు రాదు, జేబులో స్పేర్ ఉంటే ఆ గొడవే లేదు. వీడియో రికార్డింగ్ బాగుంది. దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ నా అవసరాలకు దండగ.

ఊళ్లో దీని వీడియోలు చూసి మా నాన్న అడిగారు, ఒకటి తెచ్చిపెట్టకూడదా అని. అనంతపురం పక్కన మాకు వేరుశనగ చేలున్నాయి, మంచె మీద డబ్బా కొడుతూ రాత్రంతా పందుల్ని అదిలించడం ఆయనకు జీవితమంతా అలవాటు. కుదరదు నాన్నా అన్నాను. అమెరికా నుంచి దీన్ని బయటికి తీసుకెళ్లాలంటే ఎగుమతి అనుమతులు కావాలి, ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టం ఉండనే ఉంది. ఆయన నమ్మినట్టు లేదు. నేను పిసినారినని అనుకుని ఉంటారు.

కొనమంటారా అని అడిగితే, నాలా ఒకే రాంచ్‌లో, ఒకే గట్టు మీద కూర్చుని, నూటయాభై గజాల లోపు కొట్టేవాళ్లయితే 640, 35 లెన్స్ కొనండి, రెండో ఆలోచన వద్దు. దూరాలు ఎక్కువ, నేల చదును అయితే 50 లెన్స్ వాళ్ల మాటే వినండి. ఏడాదికి ఒకటి రెండుసార్లు స్నేహితులతో వెళ్లేవాళ్లకు మూడు నాలుగు వేల డాలర్లు దీని మీద పోయడం నాకైతే దండగే అనిపిస్తుంది, 384 సెన్సార్‌తో పని జరిగిపోతుంది. ఏది కొన్నా సరే, దుకాణంలో చేతిలోకి తీసుకోగానే మెనూలోకి వెళ్లి క్యాలిబ్రేషన్‌కు మాన్యువల్ ఉందో లేదో చూడండి. లేకపోతే కౌంటర్ మీద పెట్టేయండి.