ఇనిష్ మోర్‌లో ఏ కోటకు వెళ్లాలి? ముందు గాలి ఎటు నుంచో చూడండి

మే నెల వచ్చిందంటే ఫోన్లు మొదలవుతాయి. డబ్లిన్‌లో, గాల్వేలో ఉన్న మనవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. "అమ్మానాన్న వస్తున్నారు, ఆరన్ దీవులకు తీసుకెళ్దామనుకుంటున్నాం. కొండ అంచున పెద్ద కోట ఉందటగా, దానికి వెళ్లాలా? నల్లకోట ఇంకా బాగుంటుందని ఎవరో చెప్పారు, దానికా?"

రెండూ ఐర్లండ్ పడమటి తీరానికి ఎదురుగా ఉన్న ఆరన్ దీవుల్లో పెద్దదైన ఇనిష్ మోర్ మీదే ఉన్నాయి, రెండూ అట్లాంటిక్ వైపు నిటారు అంచునే ఉన్నాయి. ఒకే రోజు రెండూ చూసొచ్చామని చెప్పేవాళ్లు లేకపోలేదు. వాళ్ల ఫొటోల్లో మనుషులు నవ్వుతున్నా, కళ్లు మాత్రం వాచీ మీదే ఉంటాయి. గాల్వే దగ్గరి రొసవీల్ రేవు నుంచి పొద్దున బోటెక్కి నలభై నిమిషాల్లో దీవి రేవైన కిల్‌రోనన్‌లో దిగి, సాయంత్రం బోటుకు తిరిగి రావాలంటే చేతిలో మిగిలేది అయిదారు గంటలు. కాబట్టి ఒకటి ఎంచుకోండి.

కొండ అంచున పెద్ద కోట అని మీరు విన్నది డూన్ ఏంగస. రెండిట్లో బాగా పేరున్నది ఇదే. కిల్‌రోనన్ నుంచి ఏడెనిమిది కిలోమీటర్లు. రేవు దగ్గరే సైకిళ్లు అద్దెకిస్తారు, మినీ బస్సులుంటాయి, గుర్రపు బండి కూడా దొరుకుతుంది. కిల్‌మర్వి దగ్గర దిగి టికెట్టు తీసుకుంటే (పెద్ద ఖరీదేం కాదు) అక్కడి నుంచి కిలోమీటరు దాకా ఎక్కుడు. మొదట్లో దారి బాగానే ఉంటుంది. చివర్లో మాత్రం రాళ్ల మీద కాలు చూసుకుని వేయాలి, వాన పడితే జారుతుంది. కోట అనగానే గోల్కొండలా బురుజులు, దర్వాజాలు ఊహించుకోవద్దు. ఒకదాని లోపల ఒకటిగా అర్ధచంద్రాకారపు రాతి గోడలుంటాయి. నాలుగో వైపు గోడ లేదు, దాదాపు తొంభై మీటర్ల లోతున సముద్రం ఉంది. అంచున కంచె కూడా లేదు. 1990లలో జరిగిన తవ్వకాలను బట్టి ఇక్కడ మొదటి కట్టడం క్రీ.పూ. 1100 ప్రాంతానిదని తేల్చారు. ఇప్పుడు మనం చూసే గోడల్లో చాలా భాగం ఆ తర్వాత పెంచినవి, 1880లలో మరమ్మతు చేసినవి.

మధ్య గోడ బయట ఒక పట్టీ పొడవునా రాళ్లు నిలువుగా, అడ్డదిడ్డంగా పాతి ఉంటాయి. కొన్ని మోకాలెత్తు, కొన్ని మనిషి ఎత్తు. ఎవరైనా పరిగెత్తుకొస్తే కాళ్లు విరగాల్సిందే, అవి ఉన్నది అందుకే. మా నాన్నది తాండూరు దగ్గర ఊరు. ఇంటి అరుగు నుంచి పొలం గట్టు దాకా నాపరాయే చూసిన మనిషి. ఆ రాళ్ల మధ్య కాసేపు నిలబడి, ఒక పలకను బూటుతో తట్టి, "ఇది మన రాయేరా" అన్నారు. నిజమే, అదీ ఇదీ సున్నపురాయే. తర్వాత లోపలి గోడ దగ్గరికి వెళ్లి, సందుల్లో వేళ్లు పెట్టి చూశారు. సున్నపురాయి గోడే గానీ అందులో చిటికెడు సున్నం లేదు, మట్టి లేదు. రాయి మీద రాయి పేర్చుకుంటూ అయిదు మీటర్ల ఎత్తు లేపారు. "మేస్త్రి ఎవరో గానీ..." అని అక్కడితో ఆపేశారు. అమ్మ మాత్రం అంచుకు ఇరవై అడుగుల దూరంలో కూర్చుని, నేను అటు అడుగు వేసినప్పుడల్లా పేరు పెట్టి పిలిచింది.

ఇక నల్లకోట. అసలు పేరు డూన్ డూకహర్. కిల్‌రోనన్‌కు దక్షిణంగా రెండున్నర, మూడు కిలోమీటర్లే. దగ్గర కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. కిల్లేనీ వైపు వెళ్లి, సన్న దారి పట్టుకుంటే అది కాసేపటికి రాళ్లలో కలిసిపోతుంది. సైకిలు అక్కడ వదిలేయాలి. ఆ తర్వాత దారి లేదు, నాపరాళ్లు పరిచినట్టున్న నేల మాత్రం ఉంది. పలకకూ పలకకూ మధ్య చీలికలు, వాటిలో ఫెర్న్ మొక్కలు. చీలికలో పాదం పడితే మడమ పోతుంది. సముద్రంలోకి పొడుచుకొచ్చిన ముక్కులాంటి నేల, దాని మెడకు అడ్డంగా ఒకే ఒక్క పెద్ద గోడ. ఆరు మీటర్ల ఎత్తు, అయిదు మీటర్ల మందం. గోడ దాటితే లోపల రాతి గుడిసెల మొండి గోడలు, రెండు పక్కలా నీళ్లు. టికెట్టు లేదు, గైడు లేడు, టాయిలెట్ లేదు, టీ కొట్టు అసలే లేదు. నేను వెళ్లిన రెండుసార్లూ కలిపి నలుగురు మనుషులు కనిపించారు.

చాలామంది వీటిని పేరు, దూరం, మోకాళ్ల నొప్పులు చూసి తేల్చుకుంటారు. అవీ లెక్కే. మోకాళ్లు అరిగిన పెద్దవాళ్లుంటే, పదేళ్ల లోపు పిల్లలుంటే నల్లకోట మాట ఎత్తకండి, చర్చ అక్కడితో అయిపోయింది. కానీ నడవగలిగిన వాళ్ల విషయంలో నా దృష్టిలో తేల్చేది గాలి. ఎంత గాలి అని అందరూ చూస్తారు. ఎటు నుంచి అని ఎవరూ చూడరు.

ఈ కోటలు రెండూ దీవి దక్షిణపు అంచున ఉన్నాయి. మామూలుగా అక్కడ వీచేది నైరుతి గాలి. అంటే సముద్రం మీద నుంచి మన ముఖానికి కొడుతుంది, మనల్ని దీవి లోపలికి తోస్తుంది. చికాకే గానీ ప్రమాదం తక్కువ. కొండకు కొట్టుకుని పైకి ఎగుస్తుంది కాబట్టి సరిగ్గా అంచు దగ్గర గాలే లేనట్టు ఉంటుంది, నాలుగడుగులు వెనక్కి వేస్తే చెంప మీద కొట్టినట్టు తగులుతుంది. గాలి మీద ఒరిగి నిలబడటం కుర్రాళ్లకు సరదా. అది ఉన్నట్టుండి ఆగితే ముందుకే తూలుతారు, కాబట్టి ఆ సరదా వద్దు.

ఉత్తరపు గాలి సంగతి వేరు. అది వెనక నుంచి వచ్చి సముద్రం వైపు తోస్తుంది. పైగా ఉత్తరపు గాలి రోజున అక్కడ తరచు ఎండ కాస్తుంది, ఆకాశం కడిగినట్టుంటుంది, బోటు దిగిన వాళ్లంతా "ఎంత అదృష్టం!" అనుకుంటారు. అలాంటి రోజే నేనూ మా ఆవిడా నల్లకోటకు బయల్దేరాం. రాళ్ల నేల మీద అంచుకు ముప్పై అడుగుల దూరంలో నడుస్తుండగా ఒక్క విసురు వచ్చింది. తన మెడలోని ఆవపువ్వు రంగు స్కార్ఫ్ వదులై, నేల మీద రెండుసార్లు దొర్లి, అంచు దాటి వెళ్లిపోయింది. పడటం కూడా కనిపించలేదు. ఇద్దరం అక్కడే కూర్చుండిపోయాం. లేచాక అంచుకు బాగా ఎడంగా, వంగి వంగి వెనక్కి నడిచాం. కోట గోడ ఎదురుగా కనిపిస్తూనే ఉంది, వెళ్లలేదు.

అందుకే ఉత్తరపు గాలి రోజున నేను డూన్ ఏంగసకే ఓటేస్తాను. అక్కడికి దారి దీవి లోపలి నుంచి వస్తుంది, అంచు పక్కన నడిచే పని లేదు. లోపలి గోడకూ గాలికీ మధ్య మీరుంటే కదా బాధ! గోడకు సముద్రం వైపున చేరబడి కూర్చుంటే జుట్టు కూడా చెదరదు. అంచు దాకా వెళ్లాలనిపిస్తే నిలబడకండి, బోర్లా పడుకుని తల బయటికి పెట్టి చూడండి. అక్కడ చాలామంది అలాగే చూస్తారు. కింద ఎగిరే పక్షుల వీపులు కనిపిస్తాయి.

నైరుతి గాలి, అదీ ఓ మాదిరిగా ఉన్న రోజైతే నల్లకోట. దాచడమెందుకు, నా మనసు అక్కడే ఉంది. డూన్ ఏంగసలో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా సెల్ఫీల కోసం జనం వంతులు వేసుకుంటారు. నల్లకోటలో గోడ పక్కన పులిహోర డబ్బా తెరిచి కూర్చుంటే, కింద గుహలోకి అల వెళ్లి కొట్టే చప్పుడు ఒంటికి తెలుస్తుంది. దగ్గర కాబట్టి తీరిగ్గా రెండు గంటలు కూర్చున్నా బోటు టెన్షన్ ఉండదు.

గంటకు నలభై కిలోమీటర్లు దాటిన గాలైతే, ఏ దిక్కు నుంచైనా సరే, నేను రెండు అంచుల జోలికీ వెళ్లను. ఇది నా లెక్క, మీ గుండె ధైర్యం మీది. అయినా అంత గాలిలో బోటు నడుస్తుందో లేదో ముందు కనుక్కోండి.

సైకిలు గురించి ఒక మాట. డూన్ ఏంగస పడమటి వైపు కాబట్టి మామూలు రోజుల్లో వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు గాలే తోసుకొస్తుంది. కొండ ఎక్కే పెద్ద రోడ్డు కాకుండా ఉత్తరపు తీరం వెంట పల్లపు రోడ్డు పట్టండి, సీల్ జంతువులు కూడా అటే కనిపిస్తాయి.

దీవిలో ఇంకా రెండు కోటలున్నాయి. డూన్ ఓహ్లా ఎత్తు మీద, పాత లైట్‌హౌస్ పక్కన. డూన్ ఓనహ్త పడమటి కొసన, గుండ్రంగా. రెండూ అంచుకు దూరం. దారిలో పడితే చూడండి, పనిగట్టుకుని వెళ్లక్కర్లేదు. ఎదురుగా ఐర్లండ్ ప్రధాన నేల మీదున్న మోహర్ కొండలతో పోల్చమని కొందరు అడుగుతారు. అవి 214 మీటర్లు, ఎత్తులో ఇవి సాటి రావు. కానీ అక్కడ కోట గోడ లేదు.

ఫోన్‌లో వాతావరణం చూసేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి, గాలికి రాసే దిక్కు అది వచ్చే దిక్కు, వెళ్లే దిక్కు కాదు. వచ్చే శనివారం మా బావమరిది వాళ్లు వస్తున్నారు. ఇప్పటికి నైరుతి, గంటకు ఇరవై అని చూపిస్తోంది. మా ఆవిడ కొత్త స్కార్ఫ్ కొనుక్కుంది గానీ, అది బ్యాగులోనే ఉంటుందట.