ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ అడుగుజాడల్లో హార్లెం, యాంకర్స్

జాజ్ గాయని ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ 1917లో పుట్టింది వర్జీనియాలోని న్యూపోర్ట్ న్యూస్‌లో అయినా, పసితనంలోనే తల్లితో న్యూయార్క్ నగరం పక్కనున్న యాంకర్స్ చేరారు కనుక, ఆమె తొలినాళ్ళను తెలుసుకోగోరేవారికి న్యూయార్క్‌లో బస చేయడమే మేలు. న్యూజెర్సీలో బంధువుల ఇళ్ళలో దిగే మన తెలుగువారికి రాత్రి కచేరీ ముగిశాక తిరుగు రైలు గురించిన ఆదుర్దా తప్పదు. అందుకే మేము న్యూయార్క్ నగరంలోని హార్లెం పేటలోనే ఒక చిన్న హోటల్లో దిగాము. గది ఇరుకు, వేడినీళ్ళు ఆలస్యంగా వచ్చేవి. అయినా చూడవలసినవాటిలో చాలావరకు నడకదూరంలో ఉండడం వల్ల ఆ ఎంపిక సరైనదే అనిపించింది.

అన్నిటికంటే ముందు చూడవలసింది 125వ వీధిలోని అపోలో థియేటర్. తల్లి మరణించాక అనాథాశ్రమంలోనూ, బాలికల సంస్కరణాలయంలోనూ గడిపి, అక్కడినుంచి పారిపోయి, నిలువ నీడ లేకుండా తిరుగుతున్న 17 ఏళ్ళ ఎల్లా, 1934 నవంబరు 21న ఇక్కడి అమెచ్యూర్ నైట్‌కు, అంటే ఔత్సాహికుల పోటీకి, నాట్యం చేయాలని వచ్చారు; తనకు ముందు ఎడ్వర్డ్స్ సిస్టర్స్ చేసిన నాట్యం చూసి జంకి, అప్పటికప్పుడు పాట అందుకుని మొదటి బహుమతి గెలిచారు. ఆ ముంగిట నిలబడితే ఆ పిల్ల ధైర్యానికి గుండె నిండిపోతుంది. మరమ్మతుల కాలంలో కార్యక్రమాలు వేరే చోటికి మారవచ్చు కాబట్టి, టికెట్ కొనే ముందు వేదిక ఎక్కడో విచారించుకోవాలి.

లెనాక్స్ అవెన్యూలో, 140, 141 వీధుల నడుమ ఉండిన సవాయ్ బాల్‌రూమ్ అనే నాట్యశాల ఇప్పుడు లేదు; అపార్ట్‌మెంట్ల ముందు ఒక స్మారక ఫలకం మాత్రమే మిగిలింది. డ్రమ్స్ వాద్యకారుడు చిక్ వెబ్ నడిపిన జాజ్ బృందంతో ఆమె పాడినది, నల్లవారూ తెల్లవారూ ఒకే నేలపై కలిసి నాట్యమాడినది అక్కడే. 1938లో ‘ఎ టిస్కెట్, ఎ టాస్కెట్’ రికార్డు ఆమె పేరును దేశమంతటా మోగించగా, మరుసటి ఏడాది వెబ్ మరణించడంతో బృంద నాయకత్వమూ ఆమెపైనే పడింది. ఇంత చరిత్ర తెలిసి వెళ్తేనే ఆ ఫలకం విలువ తెలుస్తుంది.

యాంకర్స్‌కు హార్లెం 125వ వీధి స్టేషన్ నుంచి మెట్రో నార్త్ హడ్సన్ లైన్ రైలు చాలు, టాక్సీ ఖర్చు దండుగ. విన్నీ బాగ్‌వెల్ మలచిన ఎల్లా కాంస్య విగ్రహం స్టేషన్ బయటే ఉంది, చూడడానికి రుసుము లేదు. సమాధి మాత్రం లాస్ ఏంజెలెస్ పక్కన ఇంగిల్‌వుడ్‌లో ఉంది కాబట్టి, దానిని పశ్చిమతీర యాత్రలో కలుపుకోవాలి.