ఐర్లండా, స్కాట్లండా: వలస వెళ్ళిన పూర్వీకుల జాడను ఎక్కడి నుంచి వెతకడం మేలు?

మా అమ్మాయి మెల్‌బోర్న్‌లో స్థిరపడింది. అల్లుడి తండ్రి వైపువారు ఐర్లండ్ నుంచి, తల్లి వైపువారు స్కాట్లండ్ నుంచి పంతొమ్మిదో శతాబ్దం మధ్యకాలంలో, మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియాకు ఓడల్లో వచ్చినవారు. మనవరాలికి రెండు వైపుల వంశవృక్షమూ రాసి ఇవ్వాలని కూర్చున్నప్పుడు మా వైపు పని ఒక్క పూటలో తేలిపోయింది. ఇంటిపేరు, గోత్రం, ఊరు, అయిదు తరాల పేర్లు మా పెద్దవాళ్ళు నోటితోనే చెప్పారు. అటువైపు పనికి మూడేళ్ళు పట్టింది. అందులో దాదాపు రెండేళ్ళు ఐరిష్ శాఖను తప్పు చోట మొదలుపెట్టినందువల్ల పోయిన కాలం. స్కాటిష్ పూర్వీకులను వెతికే తీరుకూ, ఐరిష్ పూర్వీకులను వెతికే తీరుకూ పోలిక చాలా తక్కువన్న సంగతి నాకు అప్పుడు తెలియదు.

వెతికేవారి ముందు మూడు దారులు ఉంటాయి. నేరుగా పూర్వీకుల స్వదేశపు దస్తావేజుల్లో దిగడం మొదటిది. పూర్వీకులు వచ్చి చేరిన దేశంలోని కాగితాలను ముందుగా తుదకంటా చూడడం రెండోది. డీఎన్ఏ పరీక్ష చేయించుకోవడం మూడోది. వీటిలో ఏది మేలు అన్న ప్రశ్నకు జవాబు ఆ మనిషి ఓడ ఎక్కిన దేశాన్ని బట్టి మారిపోతుంది.

స్కాట్లండ్ వారి విషయంలో నా సలహా సూటిగా స్వదేశానికే వెళ్ళమని. అక్కడ 1855 జనవరి 1 నుంచి జనన, వివాహ, మరణాల నమోదు చట్టప్రకారం మొదలైంది. మరణ నమోదులో చనిపోయిన వ్యక్తి తండ్రి పేరుతో పాటు తల్లి పేరూ, ఆమె పుట్టింటి ఇంటిపేరూ రాశారు. వివాహ నమోదులోనూ వధూవరులిద్దరి తల్లిదండ్రుల పేర్లూ ఉంటాయి. అంటే ఒక్క కాగితం దొరికితే పై తరం మొత్తం చేతికి వస్తుంది. అంతకుముందు కాలానికి స్కాట్లండ్ చర్చి పారిష్ రిజిస్టర్లు ఉన్నాయి (పారిష్ అంటే ఒక్కో చర్చి కిందికి వచ్చే ప్రాంతం). వాటిలో అతి పాతది పర్త్‌షైర్‌లోని ఎరల్ పారిష్‌ది, 1553 నాటిది. ఇవన్నీ, 1841 నుంచి పదేళ్ళకొకసారి తీసిన జనాభా లెక్కలతో సహా, స్కాట్లండ్స్‌పీపుల్ అనే ఒకే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. దేశమంతటికీ ఒకే సూచిక కాబట్టి ఊరు తెలియకపోయినా పేరు, వయసు, భార్య పేరు కలిపి వెతికితే చాలాసార్లు మనిషి దొరుకుతాడు. ప్రతి చిత్రానికీ రుసుము చెల్లించాలి, అయినా ఆ ఖర్చు సార్థకమే.

1855వ సంవత్సరం గురించి కాస్త ఆగి చెప్పాలి. మొదటి ఏడాది అధికారులు అడిగినన్ని వివరాలు తర్వాత ఎన్నడూ అడగలేదు. ఆ ఏడాది పుట్టిన బిడ్డ నమోదులో తల్లిదండ్రుల వయసు, వారు పుట్టిన చోటు, వారి పెళ్ళి తేదీ, అంతకుముందు పుట్టిన పిల్లల లెక్క ఉంటాయి. చనిపోయినవారి నమోదులో వారి పిల్లల పేర్లు, వయసులు కూడా ఉంటాయి. గుమాస్తాలకు అది మోయలేని భారమై 1856లో చాలా గడులు తీసేశారు. మా అల్లుడి తల్లి వైపు పూర్వీకుడు 1852లోనే విక్టోరియాకు వచ్చేశాడు కాబట్టి ఆ రిజిస్టర్లు మనకు పనికిరావని నేను మొదట వదిలేశాను. అయితే ఆయన అన్న స్వదేశంలోనే ఉండిపోయి 1855 వేసవిలో పోయాడు. ఆ అన్న మరణ నమోదులో తల్లిదండ్రుల పేర్లు, తల్లి పుట్టింటి పేరు, పుట్టిన పారిష్ అన్నీ ఒకే వరుసలో ఉన్నాయి. వెళ్ళినవారి జాడ కావాలంటే వెళ్ళనివారిని వెతకాలని నాకు నేర్పింది ఆ ఒక్క వరుసే.

స్కాట్లండ్ దారి అంతటా సాఫీగా ఉంటుందని కాదు. 1843లో చర్చి రెండుగా చీలి ఫ్రీ చర్చి ఏర్పడినందువల్ల ఆ తర్వాతి బాప్తిస్మాలు చాలా పాత పారిష్ రిజిస్టర్లలో కనిపించవు. కొండప్రాంతమైన హైలాండ్స్‌లో, పడమటి దీవుల్లో రిజిస్టర్లు ఆలస్యంగా మొదలయ్యాయి. ఖననాల పద్దులైతే చాలా చోట్ల రాయనే లేదు. ఇటువంటి చోట కిర్క్ సెషన్ పుస్తకాలు, అంటే చర్చి పెద్దల సభ తీర్మానాలు, ఎంతో ఆదుకుంటాయి. పెళ్ళి కాకుండా బిడ్డను కన్న స్త్రీని పిలిపించి తండ్రి ఎవరని అడిగి రాసుకున్న మాటలు వాటిలో ఉంటాయి. ఆమె పడ్డ అవమానం తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది, కానీ ఆ బిడ్డ తండ్రి పేరు ఇంకెక్కడా దొరకదు.

ఇక ఐర్లండ్. ఇక్కడ నేరుగా స్వదేశపు దస్తావేజుల్లో దిగడం నా ఉద్దేశంలో అన్నిటికన్నా నష్టదాయకమైన దారి. కారణాలు చరిత్రలోనే ఉన్నాయి. అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో, 1922 జూన్ 30న, డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ ఆవరణలో ఉన్న పబ్లిక్ రికార్డ్ ఆఫీసు పేలుడులో, మంటల్లో నాశనమైంది. 1821 నుంచి 1851 వరకు జరిగిన నాలుగు జనాభా లెక్కల్లో కొన్ని తునకలు తప్ప అన్నీ కాలిపోయాయి. ప్రొటెస్టెంట్ల చర్చ్ ఆఫ్ ఐర్లండ్ రిజిస్టర్లలో సగానికి పైగా అక్కడే పోయాయి. 1861, 1871 లెక్కలను ప్రభుత్వమే ముందెప్పుడో నాశనం చేయించింది. 1881, 1891 కాగితాలు మొదటి ప్రపంచయుద్ధ కాలంలో గుజ్జుగా మారాయి. పూర్తిగా నిలిచిన పాత లెక్కలు 1901, 1911వి. 1840ల నాటి మహా కరువు కాలంలో దేశం విడిచిన మనిషి వాటిలో ఎలా ఉంటాడు? జనన మరణాల పూర్తి నమోదు 1864లో గాని మొదలు కాలేదు. ఆ మరణ నమోదులో తల్లిదండ్రుల పేర్లకు గడి లేదు. వివాహ నమోదులో తండ్రుల పేర్లు మాత్రమే ఉంటాయి. స్కాట్లండ్‌లో ఒక్క కాగితం ఇచ్చే సమాచారం ఇక్కడ మూడు కాగితాలు కలిపినా రాదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఊరిది. ఐర్లండ్‌లో ప్రతిదీ టౌన్‌ల్యాండ్ అనే అతి చిన్న భూవిభాగం పేరుతో నడుస్తుంది. అటువంటివి 60,000కు పైగా ఉన్నాయి. వాటి మీద ప్రభుత్వ లెక్కల్లో వాడే సివిల్ పారిష్, దానితో హద్దులు కలవని కాథలిక్ పారిష్, ఆపైన కౌంటీ. ఐర్లండ్ జాతీయ గ్రంథాలయం 2015లో కాథలిక్ పారిష్ రిజిస్టర్ల చిత్రాలను అందరికీ ఉచితంగా తెరిచింది. నేను ఆనందంతో నేరుగా వాటిలో దిగాను. క్లేర్ కౌంటీలో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు గల మగపిల్లలు ఒకే దశాబ్దంలో పదుల సంఖ్యలో కనిపించారు. లాటిన్‌లో రాసిన ఆ పద్దుల్లో జేమ్స్ అంతా జాకొబుస్, బ్రిజెట్ అంతా బ్రిజిడా. వారిలో మావాడు ఎవరో చెప్పే ఆధారం ఒక్కటీ నా చేతిలో లేదు. ఊరూ పేరూ లేనివాడు అని మనం అలవోకగా అంటుంటాం. పేరు ఉండి ఊరు లేకపోతే ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది.

కాబట్టి ఐరిష్ వారికి రెండో దారే మేలు. ఊరి పేరు దొరికేదాకా చేరిన దేశాన్ని వదలకూడదు. ఈ విషయంలో ఆస్ట్రేలియాకు వచ్చినవారి సంతతి అదృష్టవంతులు. 1853లో నమోదు మొదలైన విక్టోరియాలో మరణ ధ్రువపత్రం స్కాట్లండ్ పత్రాన్ని మించిన వివరంతో ఉంటుంది: తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన చోటు, వలస రాజ్యాల్లో ఎన్నేళ్ళున్నదీ, ఎక్కడ ఏ వయసులో ఎవరిని పెళ్ళాడినదీ, పిల్లల పేర్లు, వయసులు. అమెరికాలో పౌరసత్వ కాగితాల్లో 1906 సెప్టెంబరుకు ముందు చాలాసార్లు 'ఐర్లండ్' అన్న ఒక్క మాటే ఉంటుంది. అయినా అక్కడా మంచి ఆధారాలున్నాయి. న్యూయార్క్‌లోని ఎమిగ్రంట్ సేవింగ్స్ బ్యాంకు ఖాతాదారును గుర్తుపట్టడానికి అతని స్వస్థలం, తల్లిదండ్రుల, తోబుట్టువుల వివరాలు రాసుకునేది. బోస్టన్ పైలట్ పత్రికలో 1831 నుంచి తొంభై ఏళ్ళ పాటు తప్పిపోయిన తమవారి కోసం ఐరిష్ ప్రజలు వేసిన ప్రకటనల్లో పారిష్, కౌంటీ పేర్లు తరచుగా కనిపిస్తాయి.

మా అల్లుడి ఐరిష్ పూర్వీకుడి మరణ పత్రంలో పుట్టిన చోటు 'కౌంటీ క్లేర్' అని మాత్రమే ఉంది, వివరాలు చెప్పింది పెద్ద కొడుకు. అతనికి అంతకన్నా తెలియదు. రెండేళ్ళ తర్వాత, అదే కుటుంబంలో పెళ్ళి చేసుకోకుండా వేరే పట్నంలో బతికిన తమ్ముడి పత్రం తెప్పించాను. చెప్పింది ఆయనతో కలిసి ఉన్న ఒక మేనల్లుడు. పుట్టిన చోటు గడిలో గుమాస్తా చెవికి వినిపించినట్టు రాసిన అక్షరాలు 'కిల్ముర్రీ' అని చదవడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. క్లేర్‌లో ఆ పేరుతో మొదలయ్యే పారిష్‌లు ఒకటికి మించి ఉన్నాయి, అయినా వెతకవలసిన చోటు ఒక్కసారిగా కౌంటీ నుంచి కొన్ని పారిష్‌లకు తగ్గింది. వారి చిన్న చెల్లెలి బాప్తిస్మం 1840ల పద్దుల్లో తల్లి పుట్టింటి పేరుతో సహా దొరికింది. ఆ తర్వాత 1847 నుంచి 1864 మధ్య జరిగిన గ్రిఫిత్ భూమి మదింపులో ఆ తండ్రి కౌలుకు చేసిన తుండూ, పక్క తుండులో బిడ్డ జ్ఞానపితగా (గాడ్‌ఫాదర్‌గా) నిలిచిన మనిషి పేరూ కనబడ్డాయి. ఊరు తెలిశాక ఐర్లండ్ కాగితాలు మనతో మాట్లాడతాయి. అంతవరకూ అవి పేర్ల గుట్ట మాత్రమే.

వెళ్ళనివారిని వెతకాలన్న సూత్రం ఐర్లండ్‌కూ వర్తిస్తుంది. 1908 చట్టం ప్రకారం డెబ్భై ఏళ్ళు నిండిన పేదవారికి 1909 జనవరి నుంచి పింఛను ఇవ్వడం మొదలైంది. డెబ్భై నిండాయని రుజువు చేయడానికి ఆ తరానికి జనన పత్రాలు లేవు. అందుకని అప్పటికింకా కాలిపోని 1841, 1851 జనాభా లెక్కల్లో తమ పేరు వెతికించమని దరఖాస్తు చేసుకున్నారు. తల్లిదండ్రుల పేర్లు, ఆనాటి టౌన్‌ల్యాండ్, దొరికిన ఫలితం ఆ దరఖాస్తు మీదే ఉంటాయి. అసలు లెక్కలు బూడిదయ్యాయి, పింఛను కోసం ముసలివాళ్ళు నింపిన కాగితాలు మిగిలాయి. ఆస్ట్రేలియాకో అమెరికాకో వెళ్ళినవారి చెల్లెలో తమ్ముడో పల్లెలో ఉండిపోయి ఆ కాగితం నింపి ఉండవచ్చు. ఇవి ఐర్లండ్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉచితంగా చూడవచ్చు.

రెండు దారులూ కలిసే ఒక చోటు ఉంది: ముందు గ్లాస్గోకు వెళ్ళి కొన్నేళ్ళు బతికి తర్వాత సముద్రం దాటిన ఐరిష్ కుటుంబాలు. వారి తండ్రో అత్తో స్కాట్లండ్‌లో 1855 తర్వాత చనిపోతే, ఐర్లండ్‌లో ఎన్నటికీ దొరకని తల్లిదండ్రుల పేర్లు స్కాట్లండ్ మరణ నమోదులో దొరుకుతాయి. గ్లాస్గోలో పేదల సహాయానికి పెట్టుకున్న దరఖాస్తుల్లో ఐరిష్ వారి పుట్టిన చోటు తరచుగా వివరంగా ఉంటుంది. మీ పూర్వీకుల పిల్లల్లో ఒక్కరు స్కాట్లండ్‌లో పుట్టినట్టు తేలినా ఐర్లండ్‌ను పక్కన పెట్టి అక్కడికే ముందు వెళ్ళండి. దీనికి తిరుగుదారిలో, ఐర్లండ్ ఉత్తర భాగమైన అల్‌స్టర్‌లో స్థిరపడిన స్కాట్ల కథ నడిచింది. పదిహేడో శతాబ్దంలో స్కాట్లండ్ నుంచి అల్‌స్టర్‌కు, పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడి నుంచి అమెరికాకు వెళ్ళినవారికి కాగితాలు బహు తక్కువ. అమెరికా ప్రయాణికుల జాబితాలు క్రమంగా మొదలయ్యేదే 1820లో.

తెలుగునేల మీద పనిచేసిన స్కాట్లూ ఐరిష్ వారూ తక్కువేమీ కారు. రాయలసీమ మరచిపోని థామస్ మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టి, 1827లో పత్తికొండ దగ్గర కలరాతో కన్నుమూశాడు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న అటువంటి కుటుంబాల బాప్తిస్మ, వివాహ, ఖనన పద్దుల నకళ్ళు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ దస్తావేజుల్లో ఉన్నాయి.

డీఎన్ఏ పరీక్షను నేను మూడో స్థానంలోనే ఉంచుతాను. మీరు ఇంత శాతం ఐరిష్, ఇంత శాతం స్కాటిష్ అని వచ్చే లెక్క మీద ఏ నిర్ణయమూ చేయకండి. అల్‌స్టర్‌కూ పడమటి స్కాట్లండ్‌కూ మధ్య రాకపోకలు ఎంత ఎక్కువంటే ఆ గీత ఎక్కడ గీయాలో చెప్పడం కష్టం. దాని విలువ రక్తబంధువుల జాబితాలో ఉంది. ముత్తాత తండ్రి దగ్గర కలిసే మూడో తరం దాయాదులు పదిమందిలో తొమ్మిదిమందికి మనతో డీఎన్ఏ పోలిక కనిపిస్తుంది. ఇంకొక తరం పైకి వెళితే సగం మందికే. అందుకే పరీక్ష మనవరాలికి కాదు, ఇంట్లో అందరికన్నా పెద్దవారికి చేయించాలి, అదీ వారి మనస్ఫూర్తి అంగీకారంతో. ఎవరూ ఊహించని బంధుత్వాలు బయటపడవచ్చునని వారికి ముందే చెప్పడం మన బాధ్యత. మా అల్లుడి పెద్దమ్మ, తొంభై దాటిన మనిషి, సంతోషంగా ఒప్పుకుంది. ఆమె ఫలితాల్లో అమెరికాలోని ఒక కుటుంబం కలిసింది, వారికీ క్లేర్‌లో అదే కిల్ముర్రీ. కాగితంతో ముందే ఊరు పట్టుకుని ఉండకపోతే ఆ పోలికకు అర్థం ఏమిటో మాకు తెలిసేది కాదు.

మనవరాలి చెట్టులో స్కాటిష్ కొమ్మ ఇప్పుడు 1790ల దాకా వెళ్ళింది. ఐరిష్ కొమ్మ 1820ల దగ్గర ఆగింది, ఎందుకంటే మా పూర్వీకుడు పుట్టేనాటికి ఆ పారిష్‌లో మిగిలి ఉన్న రిజిస్టర్ ఇంకా మొదలు కాలేదు. ఆ గడిలో ఆయన తల్లిదండ్రుల పేర్లు, వారు దున్నిన టౌన్‌ల్యాండ్ పేరు రాసి, పై గడిని ఖాళీగా ఉంచాను.