పాత గోల్ఫ్ సెట్టా, కొత్తదా: ఏది మేలు?

పదేళ్లు దాటిన సెట్టు చూపిస్తే ఏ షాపులోనైనా మార్చేయమనే అంటారు. కానీ సెట్టంతా ఒకేలా పాతబడదు. కొన్ని క్లబ్బులు (బంతిని కొట్టే కర్రలు) పదిహేనేళ్లయినా చెక్కుచెదరవు, కొన్ని రెండు మూడేళ్లకే పనికిరాకుండా పోతాయి.

ముందు డ్రైవర్ సంగతి, అంటే బంతిని అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్. ఫేస్‌కి, అంటే బంతికి తగిలే ముఖానికి, ఎంత స్ప్రింగు ఉండొచ్చో, తల ఎంత పెద్దగా ఉండొచ్చో (460 సీసీ) రూల్స్‌లో పరిమితి పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. కంపెనీలు ఆ హద్దు అంచుకి ఎప్పుడో చేరుకున్నాయి. అందుకే 2010 తర్వాతి మంచి డ్రైవర్‌తో సరిగ్గా మధ్యలో తగిలిన బంతి, ఈ ఏడాది మోడల్‌తో కొట్టినదానికి పెద్దగా వెనకబడదు. బంతి పక్కకి తగిలినప్పుడు మాత్రం కొత్తదే మేలు, తల అంతగా మెలితిరగదు, దూరం కూడా మరీ తగ్గదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: వాడేకొద్దీ ఫేస్‌లో స్ప్రింగు తగ్గదు సరికదా, కొట్టి కొట్టి కాస్త పెరిగి, చివరికి పగులుతుంది. గోల్ఫ్‌లోని నాలుగు అతిపెద్ద టోర్నీల్లో (మేజర్లు) ఒకటైన పీజీఏ ఛాంపియన్‌షిప్‌కు 2025లో ముందు జరిగిన పరీక్షలో అగ్రశ్రేణి ఆటగాళ్లు రోరీ మెకిల్‌రాయ్, స్కాటీ షెఫ్లర్ ఇద్దరి డ్రైవర్లూ అలాగే పరిమితి దాటేశాయి. షెఫ్లర్ వేరే డ్రైవర్ తీసుకుని ఆ టోర్నీ గెలిచాడు కూడా. కాబట్టి పగులు కనిపించనంతవరకూ పాతదైపోయిందని టెన్షన్ వద్దు.

ఐరన్ల (మధ్య దూరాలకి వాడే క్లబ్బుల) దగ్గర జాగ్రత్తగా ఉండాలి. షాపులో కొత్త 7 ఐరన్ ఇచ్చి కొట్టిస్తారు, బంతి మీ పాతదానికంటే చాలా ముందు పడుతుంది, మనసు లాగేస్తుంది. అయితే పాత 7 ఐరన్ లాఫ్ట్ (ఫేస్ వెనక్కి వాలిన కోణం, ఇది తగ్గితే బంతి ఇంకా దూరం వెళుతుంది) 34, 35 డిగ్రీలుంటే ఇప్పటి చాలా మోడళ్లలో 28, 29 డిగ్రీలే, అంటే ఇంచుమించు పాత 5 ఐరన్ మీద 7 అని అంకె వేసినట్టే. పోల్చాలంటే అంకె కాదు, లాఫ్ట్ చూసి పోల్చండి. స్టీల్ షాఫ్టు (క్లబ్ కాడ) తుప్పు పట్టకపోతే, వంగకపోతే ఏళ్లతరబడి అలాగే పనిచేస్తుంది.

నిజంగా అరిగిపోయేది వెడ్జ్, దగ్గరి నుంచి బంతిని ఎత్తి కొట్టే క్లబ్. ఇక్కడ మాత్రం కొత్తదే మేలని గట్టిగా చెబుతాను. మీ శాండ్ వెడ్జ్ ఫేస్ మీద గోటిని అడ్డంగా లాగి చూడండి, గాడి అంచు దగ్గర గోరు ఆగాలి. ఆగకుండా జారిపోతోందంటే బంకర్ (మైదానంలోని ఇసుక గుంట) ఇసుక ఆ అంచుల్ని తినేసిందన్నమాట. ఫేస్‌కీ బంతికీ మధ్య తడిని పక్కకి తోసేది ఆ గాళ్లే, అందుకే పొడి నేల మీద తేడా తక్కువగా తెలిసినా, వానాకాలం ఉదయాల్లో, రఫ్‌లోంచి (పొడవు గడ్డిలోంచి) కొట్టినప్పుడు స్పిన్ పడిపోయి బంతి గ్రీన్ (రంధ్రం చుట్టూ ఉండే నున్నని గడ్డి) మీద ఆగకుండా అవతలికి దొర్లిపోతుంది. తరచూ ఆడేవాళ్లకి ఇది రెండు మూడేళ్ల ఖర్చు, తప్పదు.

గ్రిప్పులైతే (చేత్తో పట్టుకునే రబ్బరు పిడులు) మన ఎండలకి అసలు నిలవవు. గోల్కొండ కోట పక్కన హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్‌లో మే నెల చెమట, విశాఖలో సముద్రపు ఉక్క, ఆపైన కిట్టు కారు డిక్కీలోనే వదిలేయడం, వీటితో రబ్బరు గట్టిపడి, ఎడమ బొటనవేలు ఆనే చోట నల్లగా మెరుస్తుంటుంది. ఆ మెరుపు కనిపించిందంటే చెయ్యి జారుతుందేమోనని మనం గట్టిగా బిగించి పట్టుకుంటున్నట్టే, ఆ బిగింపుతో స్వింగ్ పాడవుతుంది. కొత్త డ్రైవర్ ధరలో చిన్న వంతుతో సెట్టంతా కొత్త గ్రిప్పులు వేయించుకోవచ్చు, మొదట చేయాల్సింది అదే.

పట్టర్‌ని (గ్రీన్ మీద బంతిని దొర్లించే క్లబ్‌ని) మాత్రం మార్చకండి. టైగర్ వుడ్స్ తన 15 మేజర్లలో 14 ఒకే పట్టర్‌తో గెలిచాడు.

ఇక డబ్బు చేతిలో ఉండి డ్రైవరో ఐరన్లో మార్చాలనే ఉంటే, సరికొత్త మోడల్ కన్నా రెండు మూడేళ్ల కిందటిది, వాడినదైనా సరే, కొనడం నాకు నచ్చిన దారి. ధర బాగా పడిపోయి ఉంటుంది, పనితనంలో తేడా కనిపెట్టడం కష్టం. కొనేముందు తల, షాఫ్టు కలిసే చోట కదులుతోందేమో చేత్తో తిప్పి చూడండి, గ్రాఫైట్ షాఫ్టయితే పొడుగునా వేలితో తడిమి, గాట్లు తగిలితే వదిలేయండి.