స్లీవా, బైపాసా, ఇంజెక్షనా: బరువు తగ్గడానికి ఏది మేలు?

బరువు ఆపరేషన్ గురించి అడిగేవాళ్లందరి మొదటి ప్రశ్న ఒకటే: ఎన్ని కేజీలు తగ్గుతాం? దానికి జవాబు తేలికే. ఒంటి బరువులో స్లీవ్‌తో (పొట్టలో ఎక్కువ భాగం కోసి తీసేసే ఆపరేషన్) సుమారు 25 శాతం, బైపాస్‌తో (పొట్టను చిన్న సంచిలా చేసి నేరుగా పేగుకు అతికే ఆపరేషన్) 30 శాతం దాకా మొదటి ఏడాదిన్నర, రెండేళ్లలో తగ్గుతుంది. వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్లలో సెమాగ్లూటైడ్ 68 వారాల్లో సగటున 15 శాతం, టిర్జెపటైడ్ పెద్ద మోతాదు 72 వారాల్లో 21 శాతం దాకా తగ్గించాయి.

అడగాల్సిన ప్రశ్న మాత్రం వేరు. ఐదో ఏట నేను ఏం చేస్తూ ఉండాలి? సెమాగ్లూటైడ్ ఆపేసినవాళ్లకు ఏడాది తిరిగేసరికి తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు వెనక్కి వచ్చేసింది. ఆపరేషన్ అయితే విటమిన్ మాత్రలు, రక్తపరీక్షలు బతికినన్నాళ్లూ ఉంటాయి. మూడింటిలో ఏదీ ఒకసారి చేయించుకుని మర్చిపోయేది కాదు. ఏ బాధ్యతను వదలకుండా మొయ్యగలరో చూసుకుని ఎంచుకోవాలి.

160 సెంటీమీటర్ల మనిషిని తీసుకుందాం. బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 27.5 అంటే 70 కేజీలు, 32.5 అంటే 83, 37.5 అంటే 96. షుగర్, స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడడం) లాంటివి ఉంటే 32.5 దగ్గర, ఏమీ లేకపోతే 37.5 దగ్గర ఆపరేషన్ అనేది మన దగ్గర చాలాకాలంగా ఉన్న లెక్క. 2022 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు ఆసియావాళ్లకు 27.5 నుంచే దారి తెరిచాయి. నా మటుకు నేను 32.5 లోపువాళ్లను ముందు ఇంజెక్షన్ వాడి చూడమంటాను. ఖర్చు కూడా లెక్కేసుకోండి. 2025 మార్చిలో మౌంజారో (టిర్జెపటైడ్) ఇక్కడికి వచ్చినప్పుడు 5 మిల్లీగ్రాముల వయల్ 4,375 రూపాయలు, అంటే నెలకు 17,500. సెమాగ్లూటైడ్ పేటెంటు గడువు 2026 మార్చితో తీరడం వల్ల ఆ మందు ధర దిగే దారి పడింది.

ఇన్సూరెన్స్ గీత ఇంకోచోట ఉంది. ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ నిబంధన ప్రకారం బీఎంఐ 40 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి. లేదా 35 గానీ ఆపైన గానీ ఉండి, అదుపులో లేని షుగర్, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, గుండె రక్తనాళాల జబ్బు, ఊబకాయం వల్ల వచ్చిన గుండె కండరాల జబ్బు, ఈ నాలుగింట్లో ఒకటుండాలి. మోకాళ్ల నొప్పులు, బీపీ ఆ జాబితాలో లేవు. అదే 160 సెంటీమీటర్ల ఎత్తులో 85 కేజీలున్న షుగర్ పేషెంటుకు డాక్టర్ సరేనన్నా కంపెనీ కాదంటుంది. 90 దాటినవాళ్లు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) రిపోర్టులు, స్లీప్ స్టడీ ముందే ఫైల్లో పెట్టుకోవాలి.

ఇక స్లీవా, బైపాసా? ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు ఉన్నవాళ్లు స్లీవ్ జోలికి వెళ్లకపోవడం మంచిది. పొట్టను సన్నటి గొట్టంలా కుట్టాక లోపల ఒత్తిడి పెరిగి ఆమ్లం పైకి తంతుంది. ఫిన్లాండ్‌లో 240 మందిని పదేళ్లు గమనించిన స్లీవ్‌పాస్ పరీక్షలో అన్నవాహిక పుండ్లు స్లీవ్‌వాళ్లలో 31 శాతం మందికి, బైపాస్‌వాళ్లలో 7 శాతం మందికి కనిపించాయి. షుగర్ విషయంలో అంత తేడా లేదు. స్టాంపీడ్ అనే మరో అధ్యయనంలో ఐదేళ్లకు హెచ్‌బీఏ1సీ 6 లేదా అంతకంటే తక్కువ ఉన్నవాళ్లు బైపాస్‌లో 29 శాతం, స్లీవ్‌లో 23, మందులు మాత్రమే వాడినవాళ్లలో 5.

మంట లేనివాళ్లకు నేను స్లీవ్ వైపే మొగ్గుతాను. పేగును ముట్టుకోరు కాబట్టి నెల రోజులు మాత్రలు మానేసినా అంత త్వరగా దెబ్బ పడదు. బైపాస్ అంత ఓర్చుకోదు. మోకాలు నొప్పని మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ బైపాస్ అతుకు దగ్గర పుండు వేయిస్తాయి. సిగరెట్టు, బీడీ అంతే. పారాసిటమాల్‌తో సరిపెట్టుకోవాలి. తర్వాతెప్పుడైనా పిత్తనాళంలో రాయి ఇరుక్కుంటే మామూలు ఎండోస్కోపీ అక్కడిదాకా చేరదు. ఎన్నేళ్లయినా సరే, హఠాత్తుగా కడుపులో మెలిపెట్టే నొప్పి వస్తే గ్యాస్ అనుకోకుండా సీటీ స్కాన్ తీయించాలి, పేగు లోపల ఇరుక్కుని ఉండొచ్చు. మినీ బైపాస్ అనే ఒకే అతుకు రకంలో పేగు ఎక్కువ పొడవు దాటవేస్తారు కాబట్టి ప్రొటీన్ లోటు భయమూ ఎక్కువే. గుడ్డు కూడా తినని శాకాహారులు దానికి తొందరపడొద్దు.

ఏ ఆపరేషనైనా నిలిచేది, పోయేది కంచం దగ్గరే. కొత్త పొట్టలో పట్టేది స్లీవ్‌లో 100 నుంచి 150 ఎంఎల్, బైపాస్‌లో ఇంకా తక్కువ. మన భోజనంలో పప్పు నుంచి పెరుగు దాకా అన్నీ అన్నంలో కలిపే తింటాం. కప్పు చారన్నంతో ఆ పొట్ట నిండిపోతుంది, ఒంటికి చేరే ప్రొటీన్ 4 గ్రాములు. రోజుకు కావలసింది కనీసం 60. కాబట్టి వరస తిరగెయ్యాలి. ముందు గుడ్డు, చేప, చికెన్, పనీరు, మీల్‌మేకర్ లాంటివి, తర్వాత కూర, చివర్లో చోటుంటే రెండు ముద్దల అన్నం. రెండు గుడ్లకు 12 గ్రాములు, గ్లాసు పాలకు 6, కప్పు ముద్దపప్పుకు 7 లేదా 8, వంద గ్రాముల చికెన్‌కు 25 పైన. మొదటి నెలల్లో ప్రొటీన్ పొడి లేకుండా లెక్క కుదరదు. భోజనంతో నీళ్లు తాగొద్దు, అరగంట ఆగి గుక్క గుక్కగా తాగాలి. పొడి చికెన్, చపాతీ సరిగ్గా నమలకపోతే ఇరుక్కుంటాయి. పాయసం, ఐస్‌క్రీమ్, కూల్‌డ్రింక్ సులువుగా జారిపోతాయి. అంత చిన్న పొట్టనూ ఓడించేవి అవే, వాటితోపాటు పూటంతా నోట్లో ఆడే కారప్పూస.

మాత్రలకూ పద్ధతి ఉంది. కాల్షియం సిట్రేట్ రూపంలో రోజుకు 1,200 నుంచి 1,500 మిల్లీగ్రాములు, ఒక్కో విడతకు 500 మించకుండా. ఐరన్ మాత్రకూ దానికీ రెండు గంటల ఎడం ఉండాలి, టీతో అసలొద్దు. బీ12 రోజూ మాత్ర గానీ, నెలకు 1,000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్ గానీ. వాంతులు రోజుల తరబడి ఆగకపోతే బీ1 విటమిన్ అడుగంటుతుంది. చూపు రెండుగా కనిపించడం, నడక తూలడం దాని గుర్తులు. క్యాజువాలిటీలో గ్లూకోజు ఎక్కించేలోపే "బరువు ఆపరేషన్ అయింది, ముందు బీ1 ఇవ్వండి" అని ఇంట్లోవాళ్లు చెప్పాలి. బీ1 లేకుండా గ్లూకోజు ఎక్కితే మెదడుకు హాని జరగొచ్చు.

ఇంజెక్షన్‌వాళ్లకూ ప్రొటీన్ లెక్క తప్పదు, ఆకలి చచ్చినప్పుడు కండ కూడా కరుగుతుంది. పొట్టలో ఊదిపెట్టే బెలూన్ మామూలుగా ఆరు నెలలకు తీసేస్తారు, చాలామందికి బరువు తిరిగొస్తుంది. పొట్ట చుట్టూ బిగించే బ్యాండ్ ఇప్పుడు దాదాపు ఎవరూ వేయడం లేదు.

ఎటూ తేలకపోతే ఆపరేషన్ తేదీ తీసుకోకముందు మూడు నెలలు ఈ కంచాన్నే పాటించి చూడండి. ప్రొటీన్ ముందు, నీళ్లు వేరుగా, ఒక మల్టీవిటమిన్ రోజూ ఒకే వేళకు. తొంభై రోజుల్లో ఎన్ని మాత్రలు మిగిలిపోయాయో లెక్కపెట్టండి. పదికి మించి మిగిలితే బైపాస్ మాట అప్పుడే వద్దు. ఈలోగా ఎండోస్కోపీ చేయించి హయాటస్ హెర్నియా (పొట్ట పైభాగం ఛాతీలోకి జారడం), హెచ్ పైలోరీ (పొట్టలో పుండ్లు వేయించే బ్యాక్టీరియా) ఉన్నాయేమో చూపించుకోండి. బీ12, విటమిన్ డీ, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) పరీక్షలు చేయించుకుని, తక్కువున్నవి ఆపరేషన్‌కు ముందే నింపుకోండి. తర్వాత నింపడం రెట్టింపు కష్టం.