ఎదుటి పేజీ ఇంగ్లీషు: రెండున్నరేళ్ల వాడకం తర్వాత

తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివి, ఇంటర్‌లోనో డిగ్రీలోనో ఒక్కసారిగా ఇంగ్లీషులో పడ్డవాళ్ల కోసం ఈ సమీక్ష. రెండు వస్తువుల గురించి రాస్తున్నాను. ఒకటి 200 పేజీల లాంగ్ నోట్‌బుక్, రెండోది తెలంగాణ సర్కారు బడుల్లో ఇచ్చే రెండు భాషల పాఠ్యపుస్తకం. రెండున్నరేళ్లుగా రెండూ కలిపి వాడుతున్నాను, ఇప్పుడు ఎనిమిదో నోట్‌బుక్ నడుస్తోంది. రాతలో తప్పులు తగ్గడానికి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు దొరకలేదు. మాట్లాడటానికి మాత్రం ఇదొక్కటే చాలదు, ఆ సంగతి తర్వాత చెబుతాను.

2022-23లో సర్కారు బడుల్లో 1 నుంచి 8వ తరగతి దాకా ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టినప్పుడు పాఠ్యపుస్తకాలను రెండు భాషల్లో అచ్చేశారు. ఒక పేజీలో తెలుగు పాఠం ఉంటే, ఎదుటి పేజీలో అదే పాఠం ఇంగ్లీషులో ఉంటుంది. పిల్లలకు అలవాటు కావడం కోసం చేసిన ఈ ఏర్పాటు పెద్దవాళ్లకు చేతిలో పెట్టిన జవాబుల ‘కీ’ లాంటిది. ఇంట్లోనో పక్కింట్లోనో సర్కారు బడికి వెళ్లే పిల్లలుంటే పోయినేటి పుస్తకం అడిగి తెచ్చుకోవచ్చు. ఆరో తరగతి సాంఘికశాస్త్రంతో మొదలుపెట్టడం మేలు. విజ్ఞానశాస్త్రంలో పారిభాషిక పదాలు ఎక్కువ, లెక్కల్లో వాక్యాలు తక్కువ.

వాడే తీరు ఇది. ఇంగ్లీషు పేజీని అట్ట ముక్కతో మూసేయాలి. తెలుగు పేజీ నుంచి ఐదు వాక్యాలు ఎంచుకుని నోట్‌బుక్ ఎడమ పేజీలో రాయాలి. ఒక్కో వాక్యం కింద నీలం పెన్నుతో సొంతంగా ఇంగ్లీషు రాయాలి, డిక్షనరీ తెరవకూడదు. ఐదూ అయ్యాక అట్ట తీసి, సరైన వాక్యాన్ని నోట్‌బుక్ కుడి పేజీలో ఎర్ర పెన్నుతో దించుకోవాలి. మన నీలం వాక్యం మీద దిద్దొద్దు. దిద్దితే వారం తర్వాత ఏం తప్పు రాశామో కనిపించదు, ఈ పద్ధతికి ఆ తప్పే పెట్టుబడి. చివరికి మార్జిన్‌లో ఒక గుర్తు పెట్టాలి: ఆర్టికల్ (ఎ, ఆన్, ద) తప్పితే ‘ఆ’, కాలం (టెన్స్) తప్పితే ‘కా’, విభక్తి (ప్రిపొజిషన్) తప్పితే ‘వి’, మర్యాద తప్పితే ‘మ’. మొత్తం ఇరవై ఐదు నిమిషాల పని. రోజుకు ఎదురెదురుగా రెండు పేజీలు, కాబట్టి ఒక నోట్‌బుక్ వంద రోజులు వస్తుంది.

ఏడో రోజున కుడి పేజీ మూసి అవే వాక్యాలు మళ్లీ రాయాలి, ముప్పయ్యో రోజున ఇంకోసారి. ఆదివారం మార్జిన్ గుర్తులు లెక్కపెడితే మన జబ్బేమిటో తెలిసిపోతుంది. నా నోట్‌బుక్కుల్లో మొదటి రెండింటి నిండా ‘కా’లే. మూడో దాని నుంచి అవి పలచబడ్డాయి. ‘ఆ’ మాత్రం ఎనిమిదో దానిలోనూ కనిపిస్తోంది. తెలుగులో ఆర్టికల్ లేదు కాబట్టి అది చివరి దాకా వెంటాడుతుంది, దానికి బెంగపడక్కర్లేదు.

ఒక్క వాక్యం దగ్గరగా చూద్దాం. ‘నాకు రెండు రోజుల నుంచి జ్వరం వస్తోంది.’ నీలం పెన్ను రాసేది దాదాపు ఎప్పుడూ ఇదే: ‘ఐ యామ్ గెటింగ్ ఫీవర్ సిన్స్ టూ డేస్.’ ఎర్ర పెన్నుతో రావాల్సింది: ‘ఐ హావ్ హాడ్ ఎ ఫీవర్ ఫర్ టూ డేస్.’ ఒక్క వాక్యంలో మూడు గుర్తులు: ‘ఆ’, ‘కా’, ‘వి’. తెలుగు ‘నుంచి’ సోమవారం నుంచీ అంటుంది, రెండు రోజుల నుంచీ అంటుంది. ఇంగ్లీషులో మొదలైన సమయం చెబితే ‘సిన్స్’, గడిచిన కొలత చెబితే ‘ఫర్’. ఇక ‘వస్తోంది’ అన్న మాట వినగానే చెయ్యి ‘ఇంగ్’ వైపు పోతుంది. అప్పుడు మొదలై ఇప్పటికీ ఉన్నదానికి ‘హావ్ హాడ్’ కావాలి. గ్రామర్ పుస్తకంలో ఇవి వేర్వేరు అధ్యాయాలు. మన నోట్లో మాత్రం మూడూ ఒకే వాక్యంలో కూడి వస్తాయి, అందుకే అధ్యాయాలవారీగా చదివినవాళ్లు పరీక్షలో ఖాళీలు సరిగ్గా పూరించి, సెలవు చీటీలో తప్పు రాస్తారు.

పాఠ్యపుస్తకం బాగా నేర్పేది సింపుల్ ప్రెజెంట్. ‘సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు’, ‘రేపు మామయ్య వస్తాడు’ అనే రెండు వాక్యాల్లోనూ తెలుగు క్రియది ఒకే రూపం. మొదటిది ఎప్పుడూ జరిగేది, రెండోది జరగబోయేది. ఇంగ్లీషులో మొదటిదానికి ‘రైజెస్’, రెండోదానికి ‘విల్ కమ్’. ‘తాడు, తుంది, తారు’ అని ముగిసిన ప్రతి వాక్యం దగ్గరా ఒక్క క్షణం ఆగి ‘రోజూనా, రేపా?’ అని మనల్ని మనం అడగాలి. ఈ ఒక్క ప్రశ్నతో నా ‘కా’ గుర్తులు సగానికి పడిపోయాయి.

విభక్తులకు కిటుకు లేదు, జంటలుగా రాసుకోవడమే. ‘దాని గురించి చర్చించాం’ అనగానే ‘డిస్కస్డ్ అబౌట్’ వచ్చేస్తుంది, ‘గురించి’ లాక్కొచ్చిన ‘అబౌట్’ అది. సరైనది ఉత్త ‘డిస్కస్డ్ ఇట్’. ‘నాకు చెప్పాడు’లోని ‘కు’ చూసి ‘టోల్డ్ టు మీ’ రాస్తాం, అక్కడ ‘టు’ ఉండకూడదు. ‘నాకు వివరించండి’ దగ్గర ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ అంటాం, అక్కడ ‘టు’ ఉండాలి. బస్సులో అంటే ‘ఆన్ ద బస్’, కారులో అంటే ‘ఇన్ ద కార్’.

పాఠ్యపుస్తకం అసలు నేర్పనిది రోజువారీ మాట. ఇక్కడే అది చేతులెత్తేస్తుంది. దానిలోని ఇంగ్లీషు బిగువుగా ఉంటుంది, ఎవరూ ఎవరితోనూ అలా మాట్లాడరు. అందుకని రెండో నెల నుంచి ఐదు వాక్యాల్లో మూడే పుస్తకం నుంచి తీసుకోవాలి. మిగతా రెండూ ఆ రోజు మనం నిజంగా తెలుగులో అన్న మాటలై ఉండాలి: జిరాక్స్ షాపులో, కాలేజీ ఆఫీసులో, హాస్టల్ మెస్‌లో అన్నవి.

అప్పుడు బయటపడేది ‘మ’ గుర్తు. ‘ఆ ఫారం ఇవ్వండి’లో మర్యాదంతా ‘అండి’లో ఉంది. ‘గివ్ మీ దట్ ఫారం’ అనేసరికి ‘అండి’ రాలిపోయి ‘ఆ ఫారం ఇవ్వు’ మిగులుతుంది. ‘కుడ్ యు గివ్ మీ దట్ ఫారం, ప్లీజ్?’ అంటేనే లెక్క సరిపోతుంది. తెలుగు మర్యాద క్రియ తోకలో ఉంటే, ఇంగ్లీషుది వాక్యం మొదట్లోనే ఉంటుంది. ‘ఒకసారి’ కూడా మర్యాద మాటే. ‘ఒకసారి చూడండి’ అనేవాడు ఎన్నిసార్లో లెక్కపెట్టడం లేదు, మెత్తగా అడుగుతున్నాడు. దాన్ని ‘ప్లీజ్ సీ వన్స్’ అంటే మెత్తదనం పోయి లెక్క మిగులుతుంది. ‘కుడ్ యు హావ్ ఎ లుక్?’ అనాలి. ‘వస్తాడంట’లోని ‘అంట’ను హైదరాబాద్‌లో అందరం ‘హీ ఈజ్ కమింగ్ ఇట్ సీమ్స్’ అంటాం. ఇక్కడ అర్థమవుతుంది, బయటివాళ్లు తికమకపడతారు. వచ్చేవాడే చెప్పి ఉంటే ‘హీ సేస్ హీ ఈజ్ కమింగ్’, ఎవరు చెప్పారో తెలియకపోతే ‘అపారెంట్లీ’ చాలు.

అన్నిటికన్నా ప్రమాదం అవును-కాదు దగ్గర ఉంది. ‘వాడు రాలేదా?’ అంటే మనం ‘అవును, రాలేదు’ అంటాం, అడిగినవాడి మాటను ఒప్పుకుంటూ. ‘హాజంట్ హీ కమ్?’ అంటే ‘నో, హీ హాజంట్’ అనాలి. ఇంగ్లీషులో యెస్, నో చూసేది జరిగిందా లేదా అన్నదాన్నే. ఇంటర్వ్యూలో ‘యెస్’ అని ఊరుకుంటే ఎదుటివాళ్లకు అర్థం తలకిందులవుతుంది. అందుకే ‘యెస్’, ‘నో’ ఒంటరిగా వదలకుండా వెనక చిన్న వాక్యం చేర్చే అలవాటు చేసుకోవాలి.

సొంత వాక్యాలకు ఎదుటి పేజీ ఉండదు కదా, ఎవరు దిద్దుతారు? మూడు దారులు వాడి చూశాను. ఉదాహరణ వాక్యాలున్న లెర్నర్స్ డిక్షనరీ నమ్మకమైనది, నెమ్మదైనది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాతవి దొరుకుతాయి. కొనేముందు ఏదో ఒక మామూలు క్రియ, ‘టేక్’ లాంటిది, తీసి చూడండి. అర్థంతో పాటు పూర్తి వాక్యాలుంటేనే కొనండి, ఒట్టి తెలుగు అర్థాలున్న పాకెట్ డిక్షనరీ ఈ పనికి రాదు. అనువాద యాప్ త్వరగా చెబుతుంది కానీ, కర్త లేని తెలుగు వాక్యం దగ్గర తడబడుతుంది. ‘నిన్న వచ్చింది’ అంటే ఆమె వచ్చిందో, ఉత్తరం వచ్చిందో దానికి తెలియదు, కాబట్టి కర్తను చేర్చి అడగాలి. ఏఐ చాట్‌బాట్ బాగా దిద్దుతుంది, అయితే అడక్కుండానే వాక్యానికి నగలు తొడుగుతుంది. ‘తప్పు మాత్రమే మార్చు, మిగతాది ముట్టుకోకు, కారణం తెలుగులో చెప్పు’ అని రాస్తే పనికొచ్చే జవాబు వస్తుంది.

చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ లాంటి చోట కూర్చునేవాళ్లకు ఇంకో వనరు ఉంది: ఒకే వార్త తెలుగు పేపర్లోనూ ఇంగ్లీషు పేపర్లోనూ. పేరా చదవండి, హెడ్డింగ్ మాత్రం దించుకోవద్దు. ఇంగ్లీషు హెడ్డింగుల్లో ఆర్టికల్స్ ఎగిరిపోతాయి, జరిగిపోయినదాన్ని కూడా ప్రెజెంట్‌లో రాస్తారు. నా మూడో నోట్‌బుక్‌లో కొన్ని తప్పులు అచ్చంగా అలా వచ్చినవే.

మన దగ్గర మాత్రమే నడిచే ఇంగ్లీషుకు ‘ఇం’ అని వేరే గుర్తు పెట్టుకున్నాను. ‘ఐ హావ్ ఎ డౌట్’ క్లాసులో నిక్షేపంగా నడుస్తుంది, దాన్ని తప్పు అనను. రెజ్యూమెలో ‘పాస్డ్ అవుట్ ఇన్ 2022’ మాత్రం రాయొద్దు. చాలా దేశాల్లో దానికి స్పృహ తప్పి పడిపోవడం అనే అర్థం. ‘గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2022’ రాయండి.

ఇక మాట. నోట్‌బుక్ ఎంత నింపినా నోరు తెరిచేటప్పటికి తెలుగు వాక్యం ముందు నిలబడుతుంది, అనువదించేలోగా ఎదుటివాళ్లు రెండో ప్రశ్న అడిగేస్తారు. ఇది ఈ పద్ధతి లోపమే. కొంత విరుగుడు ఉంది: కుడి పేజీలోని ఐదు ఎర్ర వాక్యాలను ఫోన్‌లో రికార్డు చేసి వినాలి, ఒక్క నిమిషం చాలు. రెండు సంగతులు వెంటనే వినిపిస్తాయి. ఒకటి, పదం చివర మనం చేర్చే ‘ఉ’. ఇంగ్లీషు వాక్యంలో కూడా ‘బస్సు’, ‘బుక్కు’ అని దొర్లుతుంటాయి. రెండు, పాస్ట్ టెన్స్ చివరి శబ్దం. ‘వాక్’కు ‘వాక్ట్’, ‘ప్లే’కి ‘ప్లేడ్’, ‘వాంట్’కు ‘వాంటిడ్’. స్పెల్లింగులో అన్నీ ఒకేలా కనిపిస్తాయి, నోట్లో మూడు రకాలు. హైదరాబాద్ మెట్రోలో స్టేషన్ పేరు, తలుపులు తెరుచుకునే వైపు తెలుగు, హిందీ, ఇంగ్లీషుల్లో చెబుతారు. తెలుగు వినగానే ఇంగ్లీషు మనసులో అనుకుని, స్పీకర్‌తో పోల్చుకోవడం మంచి కసరత్తు.

అసలు మనిషితో మాట్లాడే అవసరం మాత్రం మిగిలే ఉంటుంది. అమీర్‌పేటలో స్పోకెన్ క్లాసులో చేరాలనుకుంటే రెండు నోట్‌బుక్కులు పూర్తయ్యాక చేరండి. అప్పటికి ఏ గుర్తులు ఎక్కువో చేతిలో ఉంటాయి, క్లాసులో ఏం అడగాలో తెలుస్తుంది. నెలలో అనర్గళం అని రాసిన బోర్డును నమ్మి ముందే కడితే, ఆ నెలంతా ‘వాట్ ఈజ్ యువర్ నేమ్’ దగ్గరే అయిపోవచ్చు.

పరీక్షల రోజుల్లో రాయడం ఆగిపోతుంది. తిరిగి మొదలుపెట్టేటప్పుడు కొత్త నోట్‌బుక్ తెరవొద్దు, ఆగిన చోటుకు పది పేజీలు వెనక్కి వెళ్లి, కుడి పేజీ మూసి, పాత ఐదు వాక్యాలతోనే మొదలుపెట్టండి.